కాలనీలోకి వరద రాకుండా నేలను ఎలా మలచుకోవాలి: తిరుపతి వాళ్ల కోసం

2021 నవంబర్ మూడో వారంలో తిరుపతిలో ఉన్నవాళ్లకు వరద గురించి చెప్పాల్సిన పని లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. శేషాచలం కొండల మీద ఆగకుండా కురిసింది. కపిలతీర్థం దగ్గర జలపాతం ఉధృతికి మండపం దెబ్బతింది, ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా ఇంట్లో మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, బియ్యం బస్తా అటక మీదికి ఎక్కించి, రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపాం.

నేను ల్యాండ్‌స్కేప్ డిజైన్ పని చేస్తాను. ఆ వరదకు ముందు నా పని అంటే పచ్చిక, పూలమొక్కలు, నడిచే దారులు. మా కాలనీ మధ్యలో ఒక పల్లపు స్థలం ఉండేది. వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచి, రెండు రోజుల్లో ఇంకిపోయేవి. దాన్ని పార్కు చేద్దామని అందరం ముచ్చటపడ్డాం. కాంట్రాక్టరు వచ్చి రెండడుగుల ఎత్తు మట్టి తోలి, చుట్టూ గోడ కట్టి, లాన్ వేశాడు. చూడ్డానికి చాలా బాగుంది. వరద రోజున మాత్రం పార్కు పొడిగా ఉంది, అందులో నిలవాల్సిన నీళ్లు మా ఇళ్లలో ఉన్నాయి. మట్టి తోలుతుంటే నేనూ చూస్తూ ఊరుకున్నాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

కాలనీ సంఘం వాళ్లు, ఇల్లు కట్టుకోబోయేవాళ్లు, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఎవరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. పెద్ద పనులు కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), ఇరిగేషన్ వాళ్లే చెయ్యాలి. కానీ ఏం అడగాలో మనకు తెలిస్తేనే సరైన పని అడుగుతాం.

ముందు నీళ్ల దారి కనుక్కోండి

తిరుపతికి ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి నది. కొండ మీద పడిన నీళ్లు ఏటికి చేరాలంటే ఊళ్లోంచే పోవాలి. పూర్వం ఆ దారిలో అడుగడుగునా గుంటలు ఉండేవి. పేర్లు చూడండి: కొరమేనుగుంట, తాతయ్యగుంట, మల్లయ్యగుంట, చెన్నాయగుంట, గొల్లవానిగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట. మనం చిరునామాల్లో రాసుకునే ఈ పేర్లన్నీ ఒకప్పుడు నీళ్లు నిలిచిన చోట్లను చెబుతున్నవే. మీ వీధి పేరులో గుంట, కట్ట, వంక, చెరువు అన్న మాట ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదట పెద్దవాళ్లను అడగండి. ఒక అవ్వను అడిగితే, "ఈడ గుంటలో మేం గొడ్లను కడిగేవాళ్లం నాయనా, మొరవ నీళ్లు అదిగో ఆ మేడ కాడ నుంచి పొయ్యేవి" అని చేయి చూపించింది. మొరవ అంటే గుంట నిండాక మిగులు నీళ్లు పొంగి పోయే దారి. ఆ మేడ కింది అంతస్తులోకే వరద మొదట వచ్చింది. నాలుగు రోజులు లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీసి నేను తెలుసుకున్నదీ అదే దారి.

తర్వాత కాగితాలు. తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్ష (ఊరి పటం), ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) అడగండి. మన వైపు రికార్డుల్లో వాగు పోరంబోకు, గుంట పోరంబోకు అని ఉన్న సర్వే నంబర్లన్నీ నక్ష మీద నీలం రంగుతో దిద్దండి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (నేల ఎత్తుపల్లాలు చూపే పటాల్లో) పాత చెరువులు, వంకలు కనిపిస్తాయి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో శాటిలైట్ చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాలకు వెనక్కి వెళ్లి, ఏ ఏడాది ఏ గుంట పూడిందో చూడండి.

మూడోది వానలో నడవడం. గొడుగు వేసుకుని, ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వాన మొదలైన అరగంటకు బయల్దేరండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఏ మూల తిరుగుతున్నాయి, ఏ కల్వర్టు దగ్గర వెనక్కి తంతున్నాయి అన్నీ వీడియో తియ్యండి. ఉరుములున్నా, నీళ్లు మోకాలికి చేరినా వెనక్కి రండి. రైల్వే అండర్‌బ్రిడ్జిల వైపు అసలు వెళ్లొద్దు. మర్నాడు గోడల మీద బురద మరక ఎంత ఎత్తున ఉందో సుద్దతో గీత గీసి కొలవండి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎత్తుల తేడా తెలియాలంటే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు.

లెక్క వెయ్యండి

లెక్క అనగానే టెన్షన్ పడకండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంతే గుర్తు పెట్టుకోండి. మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. 30 అంకణాల స్లాబు దాదాపు 100 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క స్లాబు మీద నుంచే 10,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఎండాకాలంలో ఇవే నీళ్లు మనం డబ్బిచ్చి కొనుక్కుంటాం.

ఇప్పుడు కాలనీ మొత్తానికి. 50 ఎకరాల కాలనీ, అంటే సుమారు 20 హెక్టార్లు అనుకుందాం. గంటలో 60 మిల్లీమీటర్లు కురిసింది. సిమెంటు రోడ్లు, స్లాబులు ఎక్కువ ఉన్నచోట నూటికి 80 పాళ్లు ఇంకకుండా పారిపోతాయి. ఆ గంటలో 96 లక్షల లీటర్లు రోడ్డున పడతాయి, సెకనుకు 2,600 లీటర్ల పైచిలుకు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కాలువలో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో నిండుగా పోయినా 370 లీటర్లే పడతాయి. అలాంటివి ఏడెనిమిది కాలువలు కావాలి, ఒక్కదాంట్లో కూడా చెత్త ఉండకూడదు. నేల తెరిచి ఉండి, చెట్లుండి, నూటికి 30 పాళ్లే పారితే సెకనుకు 1,000 లీటర్లకు దిగుతుంది. కాలువ పెద్దది చెయ్యమని అర్జీ పెట్టే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూడండి.

ఇంటి ఆవరణలో

నేల ఎంత తాగుతుందో ముందు తెలుసుకోవాలి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంత తవ్వండి. ఒకసారి నింపి ఇంకనివ్వండి. రెండోసారి నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. గంటకు అంగుళం దిగితే మంచి నేల. అరంగుళం కూడా దిగకపోతే బంకమట్టి ఉందని అర్థం, కింద కంకర, పైపు పెట్టి మిగులు నీళ్లను బయటికి తియ్యాల్సి ఉంటుంది.

వాన తోట అని నేను పిలిచేది చాలా చిన్న సంగతి. స్లాబు పైపు నుంచి దిగే నీళ్లు చేరేలా ఒక పల్లపు పాదు, అంతే. 30 అంకణాల స్లాబుకు రెండు అంకణాల పాదు సరిపోతుంది. పునాదికి పదడుగుల దూరంలో పెట్టండి. రెండున్నర అడుగులు తవ్వి, అడుగున కంకర, పైన ముతక ఇసుక, ఎర్రమన్ను, కంపోస్టు కలిపిన మట్టి నింపి, పైన ఎనిమిది అంగుళాలు ఖాళీగా వదలండి. పైన నిలిచేవి, మట్టి పీల్చేవి కలిపి సుమారు 2,000 లీటర్లు ఆగుతాయి. నీళ్లు పడే చోట నాలుగు రాళ్లు పరిస్తే మట్టి కోసుకుపోదు. నిండాక పొంగి పోవడానికి ఒక పక్కన అంచు రెండంగుళాలు తగ్గించండి. ఆ దారి వీధి వైపు ఉండాలి, పక్కింటి గోడ వైపు కాదు. దీని మీద తగాదాలు నేను చూశాను.

దోమల భయం అందరికీ ఉంటుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. పాదులో నీళ్లు రెండు రోజుల్లో ఇంకిపోతే దోమ పెరగదు. మూడో రోజుకీ నిలిచి ఉంటే పైన పేరుకున్న ఒండ్రు గీరెయ్యాలి. మెట్టతామర, వట్టివేరు, తుంగ, అంచుల్లో గరిక, ఇవన్నీ రెండు రోజుల నీళ్లకూ రెండు నెలల ఎండకూ తట్టుకుంటాయి.

రోడ్డు

ఇక్కడ ఎక్కువ చెప్పను. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోతే ఇళ్లు గుంతలో పడతాయి. కొత్త పొర వేసే ముందు పాతది గీకాలని పట్టుబట్టండి. రోడ్డు పక్క చెట్లున్న చోట గట్టు రాళ్లను అక్కడక్కడా అడుగు వెడల్పున కోసి, నీళ్లు చెట్ల పాదుల్లోకి దిగేలా చెయ్యండి. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే పగలగొట్టించండి.

పార్కును పల్లంలో ఉంచండి

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. కాలనీలో అన్నిటికంటే పల్లపు స్థలం మీ దగ్గరున్న అతి విలువైన ఆస్తి. దాన్ని పూడ్చొద్దు. ఇప్పటికే పూడ్చి ఉంటే మళ్లీ తవ్వండి.

ఎకరం పార్కు ఉందనుకోండి. సగం స్థలాన్ని రోడ్డు కంటే అడుగున్నర కిందికి దించితే 9 లక్షల లీటర్లు నిలుస్తాయి. మనం లెక్కేసిన 96 లక్షల్లో పదో వంతు. తక్కువే అనిపిస్తుంది. కానీ 500 ఇళ్లలో ఒక్కో ఇల్లు 2,000 లీటర్లు ఆపితే ఇంకో 10 లక్షలు. రెండూ కలిస్తే అయిదో వంతు నీళ్లు ఇళ్ల గడప దాకా రాకుండా ఆగినట్టే. అయిదో వంతు తగ్గితే కొన్ని ఇళ్లలో నీళ్లు గడప దాటవు.

దించే పద్ధతి ఇలా. పార్కు అంచు నుంచి మధ్యలోకి బావి గోడలా నిలువుగా తవ్వొద్దు, పిల్లలు పడతారు. ఒక అడుగు దిగడానికి అయిదారు అడుగుల దూరం ఉండేలా మెల్లగా వాలు ఇవ్వండి. పసిపిల్ల కూడా నడిచి ఎక్కగలగాలి. మధ్య పల్లాన్ని కబడ్డీ కోర్టుగానో ఖాళీ పచ్చికగానో ఉంచండి. ఏడాదికి పది రోజులు నీళ్లుంటాయి, మిగతా రోజులు పిల్లలు ఆడుకుంటారు. కరెంటు బాక్సులు, వాచ్‌మన్ గది, ఊయలలు, జిమ్ సామాన్లు ఎత్తు వైపు ఉండాలి. రోడ్డు వైపు గోడ వద్దు, గోడ ఉంటే నీళ్లు లోపలికెలా వస్తాయి? గ్రిల్ పెట్టించండి. నీళ్లు దిగే చోట రాతి పరుపు, దాని ముందు చెత్త ఆగడానికి చిన్న తొట్టి. బయటికి పోయే పైపు మాత్రం సన్నగా ఉండాలి. త్వరగా నిండి మెల్లగా ఖాళీ కావాలి కాబట్టి, పెద్ద పైపు పెడితే ఇంత తవ్వినా ఫలితం ఉండదు. పైపు చాలకపోతే పొంగి పోవడానికి ఒక మొరవ, దాని కింద కాలువ తప్పనిసరి.

బ్యాంకాక్‌లో చులాలాంకార్న్ యూనివర్సిటీ స్థలంలో 2017లో తెరిచిన 11 ఎకరాల పార్కును కొచ్చకార్న్ వోరాఖోమ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇలాగే ఆలోచించి గీసింది. పార్కు మొత్తాన్ని ఒక వైపుకు 3 డిగ్రీలు వాల్చి, పల్లపు చివర చెరువు పెట్టింది. దాదాపు 38 లక్షల లీటర్లు అందులో ఆగుతాయి. మన పాత ఊరి ఏర్పాటుకూ దానికీ పెద్ద తేడా ఏముంది? ఎత్తున ఇళ్లు, పల్లాన గుంట, గుంటకు మొరవ.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 2021లో లాగా రోజుల తరబడి కురిస్తే మొదటి రోజుకే పాదులు, పార్కులు అన్నీ నిండిపోతాయి. నేల ఇక తాగదు. అప్పుడు కాపాడేది పొంగిన నీళ్లు పోయే దారి ఒక్కటే. పార్కు మొరవ దగ్గర నుంచి పెద్ద కాలువ దాకా, అక్కడి నుంచి ఏటి దాకా నడిచి చూడండి. దారిలో ఒక్క గోడ అడ్డం ఉన్నా మీ పని సగంలో ఆగినట్టే.

వంకలు, పెద్ద కాలువలు

కపిలతీర్థం, అలిపిరి వైపు నుంచి దిగే నీళ్లు వేగంగా వస్తాయి. వంకను తిన్నగా చేసి, రెండు వైపులా కాంక్రీటు గోడ కట్టి, పైన స్లాబు వేస్తే నీళ్లు ఇంకా వేగం పుంజుకుని కింది కాలనీ మీద పడతాయి. పైగా స్లాబు కింద ఏం ఇరుక్కుందో ఎవరికీ కనిపించదు. స్థలం ఉన్నంత మేర గట్లను వాలుగా, ఒక అడుగు దిగడానికి రెండు మూడు అడుగుల దూరం వచ్చేలా దించండి. అడుగు భాగాన పెద్ద రాళ్లు, మలుపుల్లో జాలీలో పేర్చిన రాళ్లు, పైన కొబ్బరి పీచు చాప పరిచి వట్టివేరు వరసలు. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు పోయి మట్టిని కుట్టినట్టు పట్టుకుంటాయి. వానలకు రెండు నెలల ముందు నాటి, వేరు పట్టేదాకా నీళ్లు పొయ్యండి. వాన వచ్చాక నాటితే కొట్టుకుపోతుంది.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్లకు సింగపూర్ చూపిస్తాను. అక్కడ బిషాన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి, మెలికలు తిరిగే ఏరుగా మార్చి 2012లో తెరిచారు. నీటిమట్టం పెరిగితే హెచ్చరిక మోగుతుంది, జనం ఎత్తుకు వెళ్తారు. అంత స్థలం మనకు అన్నిచోట్లా లేదు. ఉన్న చోటైనా వదులుకోవద్దు.

స్వర్ణముఖి ఒడ్డు

స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది. అందుకే దాన్ని ఖాళీ స్థలం అనుకుంటారు. మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వస్తాయి. ఏటికి ఆ కొద్ది వారాలే కావాలి, కానీ అప్పుడు మొత్తం వెడల్పు కావాలి. ఎండిన రోజు చూసి హద్దు గీస్తే తప్పుతుంది. 2021లో నీళ్లు తాకిన గీత మీద హద్దు గియ్యండి.

నెదర్లాండ్స్‌లో 1995 వరదకు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, వాళ్లు కట్టలు ఎత్తు పెంచడం ఒక్కటే మార్గం కాదనుకున్నారు. నైమేఖన్ అనే ఊరి దగ్గర వాల్ నది కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన ఇంకో పాయ తవ్వారు. ఆ జాగాలో ఇప్పుడు జనం తిరిగే పార్కు ఉంది. మన ఒడ్డున కూడా ఇలా మూడు మెట్లుగా ఆలోచించండి. ఏటి పక్కనే ఉన్న కింది మెట్టులో రెల్లు, తుంగ, వావిలి తప్ప ఏ కట్టడమూ వద్దు. నడిమి మెట్టులో ఆట స్థలం, నడక దారి, బండలు పరిచిన మెట్లు, ఏరుమద్ది, కానుగ, నేరేడు చెట్లు. బెంచీలు రాతివి కావాలి, నేలలో దిగేసి ఉండాలి. పై మెట్టులోనే టాయిలెట్లు, లైట్ల స్తంభాలు, దుకాణాలు. ఎర్రచందనం మన కొండల చెట్టే, కానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఓర్వదు, దాన్ని పై మెట్టుకే ఉంచండి. స్వర్ణముఖికి మొగలేరు అని పాత పేరు. కింది మెట్టు అంచున నాలుగు మొగలి పొదలు పెడితే ఆ పేరు మళ్లీ నోట్లో పడుతుంది. సర్కారు తుమ్మ ఉంటే వేరుతో సహా తీసి, తీసిన వెంటనే గడ్డి నాటండి, లేకపోతే గట్టు కోసుకుపోతుంది.

ఇసుక గురించి ఒక్క మాట. ఏటి ఇసుకే మనకు నీళ్లు దాచే తొట్టి. వేసవిలో చెలమ తవ్వితే నీళ్లు ఊరేది దాని వల్లనే. ఇసుక తోడేసిన చోట ఏరు లోతుకు దిగి, గట్లు కూలి, వంతెన పునాదులు బయటపడతాయి. డ్రెయినేజీ నీళ్లు, చికెన్ వ్యర్థాలు వచ్చి పడుతున్నంత కాలం ఒడ్డున ఎంత అందమైన పార్కు కట్టినా జనం ముక్కు మూసుకునే వెళ్తారు. కాబట్టి మొదటి ఖర్చు మురుగును ఆపడానికి పెట్టమని అడగండి.

చెరువుల విషయంలో ఒక పొరపాటు చాలామంది మంచి మనసుతో చేస్తారు. మట్టి కట్ట మీద చెట్లు నాటుతారు. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి, ఆ సందుల్లోంచి నీళ్లు కట్టను తొలుస్తాయి. కట్ట మీద గడ్డి చాలు. చెట్లను కట్ట దిగువన కాస్త దూరంగా నాటుకోండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. సవరణలు వస్తుంటాయి కాబట్టి ప్లాటు కొనే ముందు టౌన్ ప్లానింగ్ విభాగంలో సరిచూసుకోండి. చిత్తూరులో నీవా నది పక్కన కొనేవాళ్లు కూడా నది హద్దు ఎంతో అక్కడే అడగండి.

ఏటేటా చేసే పని

జూలైలో అందరూ కలిసి కాలువల వెంట నడిచి, పూడిన చోట్ల జాబితా రాసి అర్జీ ఇవ్వండి. ఫొటో మీద తేదీ ఉండాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో పూడిక తీయించాలి. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకే తిరిగి లోపలికి వస్తుంది, ట్రాక్టర్ వెళ్లేదాకా అక్కడే నిలబడండి. సెప్టెంబర్ ఆఖరుకు పార్కు తొట్టి, మొరవ, పైపు నోళ్లు శుభ్రం చెయ్యాలి. అక్టోబర్ మొదటి వారంలో పార్కు పల్లంలో ఒక కొయ్య పాతి, అరడుగుకొక గీత చొప్పున ఎర్ర రంగుతో గుర్తులు పెట్టండి. పెద్ద వాన వచ్చిన ప్రతిసారీ నీళ్లు ఏ గీత దాకా వచ్చాయి, ఎన్ని గంటల్లో దిగాయి అని ఒక నోటు పుస్తకంలో రాసే బాధ్యత వీధికి ఒకరికి అప్పగించండి. మా వీధిలో ఆ పుస్తకం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి దగ్గర ఉంది.